డొక్కలెగరేస్తున్నాడని రాయనివ్వండి

విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతులకు ఒక నర్సింగ్ ట్యూటర్ బహిరంగ లేఖ



మాది శ్రీకాకుళం జిల్లా. నర్సింగ్ చదువుకున్నది ఆంధ్రలో. వార్డుల్లో ఎక్కువ కాలం పనిచేసింది తెలంగాణలో, ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతున్నదీ అక్కడే. అందుకే మీ ఇద్దరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు రాష్ట్రాల్లోనూ నర్సింగ్ విద్యార్థి రోగిని ఎలా పరీక్షించాలో, చూసింది ఎలా రాయాలో చివరికి తేలేది మీరు పెట్టే పరీక్షల్లోనే.

నేను మూడో ఏడు చదువుతుండగా పిల్లల వార్డులో పోస్టింగు పడింది. ఒక మంచం మీద ఏడు నెలల బాబు. నేను దగ్గరికి వెళ్ళగానే తల్లి, "డొక్కలెగరేస్తున్నాడు సిస్టర్, పొద్దున్నుంచి పాలు కూడా పట్టట్లేదు" అంది. నా చేతిలో ఉష్ణోగ్రత, నాడి, శ్వాస రాసే టీపీఆర్ పుస్తకం ఉంది. ఆ పేజీలో పైనున్న పిల్లలందరికీ శ్వాస 24 అనో 26 అనో రాసి ఉంది. నేనూ 24 అని రాశాను. లెక్కపెట్టలేదు. కేస్ షీట్‌లో డాక్టరుగారు పొద్దున రాసిన మాట చూసి, నా రికార్డులో 'చెస్ట్ క్లియర్' అని ఎక్కించుకున్నాను. స్టెతస్కోపు మెడలోనే ఉంది.

సాయంత్రం డ్యూటీకి వచ్చిన స్టాఫ్ నర్సు ఆ బాబు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. 64. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. పరుగున ఎత్తుకెళ్ళి ఆక్సిజన్ పెట్టారు. బాబు బతికాడు, తొమ్మిదో రోజున ఇంటికి వెళ్ళాడు. ఆమె నన్ను తిట్టలేదు. పుస్తకం నా ముందు పెట్టి, "నీ 24 పక్కన నా 64 రాస్తున్నాను. మధ్యలో మూడు గంటలు. ఈ మూడు గంటల్లో బిడ్డకు ఎక్కువైందో, నువ్వు వచ్చేసరికే ఇలా ఉన్నాడో ఇక ఎవరూ చెప్పలేరు" అంది.

రెండు నెలలు నిండి ఏడాది దాటని బిడ్డ నిమిషానికి 50 సార్లో అంతకు మించో ఊపిరి తీస్తుంటే ప్రమాదమని, డొక్క లోపలికి పోతుంటే మరీ జాగ్రత్తపడాలని ఆశా కార్యకర్తలకు కూడా నేర్పుతారు. నేను పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే అది. బడి మొహం చూడని ఆ తల్లి రెండు మాటల్లో చెప్పింది. చెప్పింది తెలుగులో కాబట్టి అది నాకు రోగి పరిస్థితిలా వినబడలేదు, తల్లి గాభరాలా వినబడింది.

నేను ముఖ్యంగా చెప్పుకోవాల్సింది ఇదే. మన పిల్లలకు చూడటం రాక కాదు. వాళ్ళు కళ్ళతో చూసేది తెలుగులో, చెవులతో వినేది తెలుగులో. రాసే చోటికి వచ్చేసరికి ఇంగ్లీషులో తెలిసిన నాలుగు మాటలే మిగులుతాయి. ఆ నాలుగు మాటల్లో పట్టనిదంతా నేలపాలవుతుంది.

ఎంత పోతోందో చూడండి. పిల్లికూతలంటే ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలో వచ్చే సన్నని ఈల చప్పుడు. స్టెతస్కోపు లేకుండానే దాన్ని పోల్చుకునే అమ్మమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. విరేచనాలతో వచ్చిన పసిబిడ్డకు 'మాడు గుంట పడింది' అంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. 'కాళ్ళకు నీరు దిగింది' అని మా ఊరివాళ్ళు అన్నప్పుడు ఆ నీరు పొద్దున్నా, సాయంత్రమా, మడమ దగ్గర ఆగిందా, మోకాలి దాకా ఎక్కిందా అన్నది కూడా వాళ్ళే చెప్పేస్తారు. కిడ్నీ జబ్బుతో ఏళ్ళ తరబడి అవస్థపడుతున్న మా జిల్లా ఉద్దానం ఊళ్ళలో ఆ లెక్క ఇంటింటికీ తెలుసు.

తెలంగాణకు వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన, "దమ్మొస్తున్నది బిడ్డా, రాత్రంత కూసునే ఉన్న, పండుకుంటె ఊపిరాడుతలేదు" అన్నాడు. పడుకుంటే ఎక్కువయ్యే ఆయాసం గుండె జబ్బు ఆనవాళ్ళలో ఒకటి. నా వెంట ఉన్న విద్యార్థిని రికార్డులో 'డిస్నియా ప్లస్' (ఆయాసం ఉంది) అని రాసింది. దమ్ము మిగిలింది. కూర్చున్న రాత్రి పోయింది. డాక్టరుకు పనికొచ్చేది ఆ రాత్రే.

నొప్పి సంగతి మరీను. తల పోటు పెడుతుంది, పుండు సలుపుతుంది, కాళ్ళు పీకుతాయి, నరం గుంజుతుంది, కడుపులో మెలిపెడుతుంది, ఒంటేలుకు వెళ్తే మంట పుడుతుంది, గుండె మీద బండ పెట్టినట్టు ఉంటుంది. సలుపు అన్నారంటే లోపల చీము పడుతోందేమో చూడాలి. బండ పెట్టినట్టు అన్నారంటే ఈసీజీ మిషను తెప్పించాలి. వీటన్నిటికీ మన రికార్డుల్లో ఒకటే మాట: 'పెయిన్ ప్రెజెంట్'. రోగి చెప్పింది రోగి మాటల్లోనే రాయాలని నర్సింగ్ పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. మన రోగి మాట తెలుగు. మరి దాన్ని తెలుగు అక్షరాల్లో రికార్డులో రాస్తే ఎందుకు తప్పవుతోంది?

ఇంగ్లీషు వద్దనడం లేదు. ఇక్కడి నర్సు రేపు బెంగళూరులో, మస్కట్‌లో, లండన్‌లో పనిచేయాలి. పక్కనున్న డాక్టరు తెలుగువాడే కానక్కర్లేదు. ఇంగ్లీషులో రాయడం రావాల్సిందే. కానీ అది రెండో మెట్టు. మనం మొదటి మెట్టు తీసేసి రెండో మెట్టు మీదికి గెంతమంటున్నాం. గెంతలేని పిల్ల ఏం చేస్తుంది? సీనియర్ రికార్డు తెచ్చుకుంటుంది.

ఈ విషయం మీకు తెలియదనుకోను. గత సంవత్సరపు రికార్డు హాస్టల్లో చేతులు మారుతుంది. రోగి పేరు, వయసు, ఐపీ నంబరు మారతాయి. మిగతాదంతా అదే. నేను దిద్దిన రికార్డుల్లో ఉష్ణోగ్రత 98.6, నాడి 72, శ్వాస 18 లేదా 20, బీపీ 120/80 ఉన్నవాటికి లెక్క లేదు. డాక్టర్ల కేస్ షీట్ల నుంచి దిగుమతైన పొట్టి రాతలు వాటి పక్కన ఉంటాయి. సీవీఎస్, ఎస్1 ఎస్2 ప్లస్. పీఏ సాఫ్ట్. సీఎన్ఎస్, ఎన్ఏడీ. ఎన్ఏడీ అంటే తేడా ఏమీ కనబడలేదని. ఎక్కడెక్కడ వెతికితే కనబడలేదో అందులో ఉండదు. వెతికారో లేదో కూడా ఉండదు.

శ్వాస అంకె గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, నా తప్పు అక్కడే కాబట్టి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో సవరించిన హెచ్చరిక స్కోరు పట్టికను మన పెద్ద ఆసుపత్రులు కొన్ని ఇప్పుడు వాడుతున్నాయి. అందులో పెద్దవాళ్ళ శ్వాస నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా. 21 నుంచి 24 అయితే 2. 25, ఆపైన అయితే 3. ఒక్క అంశంలో 3 వచ్చినా డాక్టరును పిలవాలి. 26 ఉన్న మనిషికి అలవాటు కొద్దీ 20 అని రాసిన విద్యార్థిని ఒక అంకె తప్పు రాసింది అనుకుంటాం. నిజానికి ఆ మనిషి దగ్గరికి రావలసిన డాక్టరును రాకుండా ఆపింది. లెక్కపెట్టడానికి కావలసింది ఒక నిమిషం, ఒక వాచీ. లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే ఊపిరి మార్చేస్తాడు కాబట్టి నాడి పట్టుకున్నట్టే చెయ్యి అలా ఉంచి ఛాతీ చూడాలి. ఈ చిన్న కిటుకు మంచం పక్కన నిలబడి చూపిస్తే తప్ప రాదు. ఒక్కో టీచరు వెంట ఇరవై మంది ఉన్నప్పుడు ఎవరికి చూపిస్తాం?

ఇక చర్మం. నా విద్యార్థుల్లో సగం మంది రాసేది: 'స్కిన్ పింక్, వార్మ్, డ్రై'. మంచం మీద ఉన్నది ఎండలో నాట్లు వేసి నల్లబడిన మనిషి. పింక్ ఎక్కడిది? మనం వాడే పుస్తకాల్లో చాలావాటికి మూలం అమెరికా. వాటిలోని బొమ్మలూ వర్ణనలూ ఎక్కువగా తెల్లచర్మం మీదివి. మన పిల్లలు కనబడని రంగును రాయడం మొదటి సెమిస్టర్ నుంచే నేర్చుకుంటున్నారు. నల్లటి, చామనఛాయ ఒంటి మీద రక్తహీనత చూడాలంటే కనురెప్ప లోపల, నాలుక మీద, అరచేతి గీతల్లో, గోటి కింద చూడాలి. కామెర్లు చూడాలంటే కంటి తెల్లగుడ్డు పగటి వెలుతురులో చూడాలి, ట్యూబులైటు కింద కాదు. పడక పుండు మొదలయ్యే చోట ఎర్రబడుతుందని పుస్తకం చెబుతుంది. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనబడదు. వేలితో తాకి చూస్తే చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగానో తగులుతుంది, రంగు కాస్త ముదురుగా, నీలం కలిసినట్టు ఉంటుంది. కళ్ళు మోసపోయే చోట వేళ్ళే చెప్పాలి. వేళ్ళు చెప్పింది రాయడానికి మన పిల్లల దగ్గర మాట లేదు. తెలుగులో అడిగితే 'గోరువెచ్చగా ఉంది మేడం, పక్కన చల్లగా ఉంది' అని వెంటనే చెబుతారు. అదే రాయమంటే పెన్ను ఆగిపోతుంది.

వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటరు కూడా నలుపును సరిగ్గా చదవలేకపోవచ్చు. 2020 డిసెంబరులో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గినా మీటరు బాగుందని చూపించడం తెల్లవాళ్ళ కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగిందని తేలింది. అది వాళ్ళ దేశపు లెక్కే. అయినా మీటరు మీద అంకె రాసి ఊరుకోకుండా, పెదవులు, నాలుక ఎలా ఉన్నాయో, మనిషి ఎలా ఊపిరి తీస్తున్నాడో కూడా రాయమని నా పిల్లలకు చెబుతాను.

స్పృహ గురించి ఒకటే చెబుతాను. 1974లో గ్లాస్గోలో తయారైన కోమా స్కేలులో కళ్ళకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. దాంతోపాటు మనిషికి కాలం, చోటు, మనుషులు తెలుస్తున్నారా అని అడుగుతాం. పోయినేడు వర్షాకాలంలో నా విద్యార్థిని ఒకామె డెబ్బై ఏళ్ళ ముసలమ్మను ఇవాళ డేటెంత అని అడిగింది. తెలియదంది. మతి తప్పిందని రాయబోతుంటే నేను ఆపి, "ఇవాళ ఏ వారమమ్మా?" అన్నాను. "బుధవారం. తొలి ఏకాదశి పోయి రెండ్రోజులాయె" అంది ఆ పెద్దమ్మ. లెక్క తప్పలేదు. తప్పింది మన ప్రశ్న. ఆమె చార్టులో మతి తప్పిందని ఎక్కి ఉంటే, ఆ రాత్రి నిజంగా మతి తప్పినా ఎవరికీ తేడా తెలిసేది కాదు.

కడుపు పరీక్షలో ముందు చూడాలి, తర్వాత వినాలి, ఆపైనే తట్టి, నొక్కి చూడాలి. నొక్కితే పేగుల చప్పుడు మారుతుంది కాబట్టి. ఈ వరుస పరీక్షలో అందరూ రాస్తారు, వార్డులో నూటికి పదిమంది కూడా పాటించరని నా కళ్ళ ముందు చూస్తున్నాను. ఆడవార్డులో రవిక మీదనుంచే స్టెతస్కోపు పెట్టి 'లంగ్స్ క్లియర్' అని రాసేస్తారు. సిగ్గు రోగికీ ఉంటుంది, పందొమ్మిదేళ్ళ విద్యార్థికీ ఉంటుంది. తెర లేని వార్డులో అది సహజం. కానీ అప్పుడు రాయాల్సింది 'వెనక వైపు వినలేదు, తెర లేదు' అని. చేయని పని చేయలేదని రాయడం కూడా రికార్డే. అలా రాసిన విద్యార్థికి మార్కులు పోతాయని తెలిసే ఎవరూ రాయరు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం ఒకటుంది. ఆసుపత్రిలో తప్పు రాస్తే ఎలా దిద్దాలో మేం పాఠం చెబుతాం. ఒక్క గీత కొట్టాలి, కింది మాట చదవగలిగేలా ఉండాలి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ, టైము వేయాలి. వైట్‌నర్ వాడకూడదు, కాగితం చింపకూడదు. ఎందుకంటే అది రోగి హక్కున్న పత్రం. 2002 నాటి వైద్య మండలి నిబంధనలు ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను 3 సంవత్సరాలు దాచమన్నాయి, అడిగితే 72 గంటల్లో ఇవ్వమన్నాయి. కోర్టుకెళ్ళినా అదే సాక్ష్యం. ఇదంతా చెప్పిన మరుసటి గంటలో, కాలేజీ రికార్డులో ఒక్క కొట్టివేత కనబడితే ఆ పేజీ మొత్తం మళ్ళీ రాయిస్తాం. గీత గీసి, బోర్డరు వేసి, రంగు పెన్నులతో బొమ్మలు దిద్ది, అట్ట వేసిన రికార్డుకే మార్కులు. రోగి దగ్గర నిలబడి రాసిన చిత్తు కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. వార్డులో నేరమైన పని కాలేజీలో నియమమవుతోంది. ఈ రెంటి మధ్య పెరిగిన పిల్లకు, రికార్డంటే జరిగినది రాసేది కాదు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళకు చూపించేది అని మనసులో నాటుకుపోతుంది. ఆ తర్వాత ఏ స్టాఫ్ నర్సు ఎన్నిసార్లు చెప్పినా అది ఊడిరాదు. నాకు ఊడిరావడానికి ఏడు నెలల బాబు కావలసివచ్చాడు.

2021–22 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్ హెల్త్ అసెస్‌మెంట్‌ను మొదటి ఏడాదిలోనే, రెండో సెమిస్టర్‌లో పెట్టింది. మంచి పని. సిలబస్ ఢిల్లీ నుంచి వచ్చినా, ఇంటర్నల్ మార్కులు ఎలా వేయాలో, ప్రాక్టికల్ పరీక్షకు ఎగ్జామినర్ ఏం అడగాలో చెప్పే అధికారం మీకుంది. అందుకే అడుగుతున్నాను.

మంచం పక్కన రాసిన చేతిపుస్తకానికే మార్కులు వేయించండి, ఫెయిర్ రికార్డుకు కాదు. కొట్టివేతలుంటే ఉండనివ్వండి. సరిగ్గా కొట్టి సంతకం చేసిన దిద్దుబాటుకు మార్కు కలపమనండి. మొదటి రెండు సెమిస్టర్లు రోగి మాటనూ విద్యార్థి చూసినదాన్నీ తెలుగులో రాయనిచ్చి, దాని కిందే ఇంగ్లీషు రాయించండి. తెలుగు రాకుండా వచ్చిన విద్యార్థులు మన కాలేజీల్లో ఉన్నారు, వాళ్ళు తమ భాషలో రాసుకుని రోగి మాటను మాత్రం తోటి విద్యార్థి చేత రాయించుకుంటారు, అదీ నేర్పే పనే. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ కూడా అదే రోగిని అదే గంటలో లెక్కపెట్టి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాలి. బ్రిటన్‌కు వెళ్ళే మన నర్సులు అక్కడ రిజిస్టరు కావడానికి 10 స్టేషన్ల పరీక్షలో ఎగ్జామినర్ కళ్ళముందు చేసి చూపించాల్సి వస్తోంది. పరదేశంలో అడిగేది మన ఊళ్ళో మొదటి ఏడాదే అడగొచ్చు.

మరొకటి మీ రెండు విశ్వవిద్యాలయాలూ కలిసి చేయాల్సింది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా, రాయలసీమ నుంచి ఖమ్మం దాకా రోగులు వార్డుల్లో వాడే మాటలన్నీ ఒకచోట చేర్చండి. ఆయాసం, దమ్ము, గస, ఎగపోత. నిమ్ము చేరడం. పిక్క పట్టేయడం. ఒక్కోదాని పక్కన పరీక్షలో ఏం వెతకాలో, ఇంగ్లీషులో ఏమంటారో రాయించండి. నర్సింగ్ కాలేజీల విద్యార్థులే ఒక సెమిస్టర్‌లో పోగుచేయగలరు. సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకునేది కాళోజీ పుట్టినరోజనే. జనం నోటి మాటకు విలువ కావాలని జీవితమంతా నిలబడిన మనిషి పేరు మీలో ఒకరి విశ్వవిద్యాలయానికి ఉంది. జనం నోటి మాట అత్యవసరంగా వినవలసిన చోటు ఆసుపత్రి మంచం కదా.

ఈ మధ్య రెండో సెమిస్టర్ విద్యార్థిని ఒకామె రాసిన పేజీ నా దగ్గరుంది. బాలింతల వార్డు. కాన్పై ఆరు రోజులైన తల్లి. విద్యార్థిని మొదట 'రెండు కాళ్ళకూ నీరు' అని రాసి, ఒక్క గీత కొట్టింది. కింద తెలుగులో ఇలా ఉంది: 'ఎడమ కాలికే. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడింది, సుమారు 4 మిల్లీమీటర్లు. కుడికాలికి గుంట పడలేదు. ఎడమ పిక్క తాకితే వేడిగా ఉంది. తల్లి అన్నమాట: నిన్నటి నుంచి పిక్క గుంజుతున్నది.' పక్కన టైము 10.40, పొడి అక్షరాల సంతకం. కాన్పైన తల్లికి ఒక్క కాలే వాచి, పిక్క వేడెక్కిందంటే రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనని చూడాలి. డ్యూటీ డాక్టరు ఆ పేజీ చదివి, అప్పటికప్పుడే డాప్లర్ స్కానుకు రాశారు.

వారం తర్వాత రికార్డుల తనిఖీ వచ్చింది. కొట్టివేత ఉందని, తెలుగు ఉందని ఆ పేజీ తిరగరాయమన్నారు. పిల్ల తిరగరాసింది. కొత్త పేజీలో 'పెడల్ ఎడీమా ప్లస్' (పాదాలకు వాపు ఉంది) అని ఉంది. ఎడమా కుడా లేదు, పిక్క లేదు, టైము లేదు. మొదటి పేజీని రోగి పేరు కొట్టేసి నేను దాచాను. మీలో ఎవరు రమ్మన్నా, ఆ రెండు పేజీలూ తెచ్చి మీ బల్ల మీద పెడతాను.

భవదీయురాలు,
ఒక నర్సింగ్ ట్యూటర్